వెయ్యి అబద్ధాల పెండ్లి



పెండ్లి గురించి మన ఊళ్ళల్లో రెండు సామెతలు చెప్పుకుంటారు. "వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెండ్లి చేయమన్నారు" అనేది ఒకటి. "పెండ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెండ్లి కాదు" అనేది రెండోది. రెండూ నవ్వుకోవడానికి చెప్పుకునేవే. కానీ కొన్ని ఇళ్ళల్లో ఈ రెండింటినీ నిజంగానే ఆచరణలో పెడుతున్నారు. కొడుకు మనసు ఆడపిల్లల మీదికి పోవడం లేదు, మగవాళ్ళ మీదికే పోతోంది అని తెలిసిన ఇల్లు అలాంటిది. కూతురు ఒక స్నేహితురాలిని మామూలు స్నేహం కంటే ఎక్కువగా ప్రేమిస్తోందని ఫోన్ చూసి కనిపెట్టిన ఇల్లు అలాంటిది. ఆ ఇంట్లో ముందు ఏడుపు, తర్వాత ఉపవాస ప్రార్థన, ఆ తర్వాత పెండ్లి చూపులు. ఈ మూడింటికీ మధ్య మూడు నెలలు కూడా ఉండవు.

నేను ఈ రోజు చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇలాంటి పిల్లలను సంఘం ఎలా చేర్చుకోవాలన్న విషయంలో క్రైస్తవుల మధ్య పెద్ద భేదాభిప్రాయం ఉంది. ఆ భేదం మన తరంలో తీరేలా లేదు. అయితే మనం ఏ పక్షాన ఉన్నా సరే, వాళ్ళను బాగుచేస్తామని చెప్పి పెండ్లి చేయకూడదు. తెలిసి తెలిసి అలాంటి పెండ్లికి ఏ కాపరీ నిలబడకూడదు.

ఒక మాట. పత్రికల్లో వీరిని స్వలింగ సంపర్కులు అని రాస్తారు. అది చేసే పనిని బట్టి పెట్టిన పేరు. ఏ పనీ చేయకుండా, తన మనసు ఇలా ఎందుకుందో తెలియక రాత్రులు మోకాళ్ళ మీద ఏడ్చే పిల్లలు కూడా వీరిలో ఉన్నారు. అందుకే నేను స్వలింగ ఆకర్షణ గలవారు అని రాస్తున్నాను.

సంఘాల మధ్య ఉన్న భేదం

ఇది ఎక్కడో పాశ్చాత్య దేశాల గొడవ, మనకెందుకు అని చాలామంది అంటారు. ఆ గొడవ పడుతున్నది మనకు సువార్త తెచ్చిన సంఘాలే. 1842లో హయ్యర్ గారు గుంటూరు వచ్చారు. ఆయన్ను పంపింది అమెరికా లూథరన్లు. అక్కడి ప్రధాన లూథరన్ సంఘం 2009 ఆగస్టులో మినియాపొలిస్ నగరంలో సమావేశమై, స్వలింగ సహచరులతో జీవితకాల బంధంలో ఉన్నవారు కూడా కాపరులుగా ఉండవచ్చని తీర్మానించింది. అదే సభ, ఈ విషయంలో విశ్వాసుల మధ్య నాలుగు రకాల అభిప్రాయాలున్నాయని, నాలుగూ మనస్సాక్షితో పట్టుకున్నవేనని కూడా ఒప్పుకుంది. అయినా మరుసటి సంవత్సరమే కొందరు విడిపోయి ఉత్తర అమెరికా లూథరన్ సంఘంగా ఏర్పడ్డారు. 2013లో ఇథియోపియాలోని మెకానె యేసుస్ సంఘం ఆ అమెరికా సంఘంతో సహవాసం తెంచుకుంది.

మెథడిస్టుల సంగతీ అంతే. 1972లో తమ నియమావళిలో రాసుకున్న నిషేధపు మాటలను యునైటెడ్ మెథడిస్టు సంఘం 2024లో షార్లెట్ నగరంలో తీసేసింది. అంతకుముందు ఐదేళ్ళలోపే అమెరికాలో ఏడు వేలకు పైగా స్థానిక సంఘాలు బయటికి వెళ్ళిపోయాయి. ఇక మన దక్షిణ ఇండియా సంఘం ఆంగ్లికన్ సహవాసంలో భాగం. ఆ సహవాసపు బిషప్పులు 1998లో లాంబెత్ సభలో, వివాహం స్త్రీ పురుషుల మధ్యనే అనీ, స్వలింగ సంపర్కం లేఖనాలకు సరిపడదనీ తీర్మానించారు. అదే తీర్మానంలో, స్వలింగ ఆకర్షణ గలవారి అనుభవాలను వింటామని కూడా మాట ఇచ్చారు. మొదటి భాగం అందరికీ గుర్తుంది. రెండో భాగాన్ని గుర్తు చేసేవారు తక్కువ.

భేదం ఎక్కడుందో న్యాయంగా చెప్పాలి. ఒక పక్షంవారు ఆదికాండము మొదటి రెండు అధ్యాయాలు, లేవీయకాండము 18, రోమా 1, మొదటి కొరింథీ 6 చూపించి, దేవుని ఉద్దేశం స్పష్టంగానే ఉందంటారు. రెండో పక్షంవారు బైబిలును పక్కన పెట్టేశారని మనం అనుకుంటాం. అందరి విషయంలో అది నిజం కాదు. పౌలు కాలంలో బానిసలను, చిన్న పిల్లలను వాడుకునే దుర్మార్గం ఉండేదనీ, ఆయన ఖండించింది దాన్నేననీ, ఒకరికొకరు నమ్మకంగా ఉండే బంధం ఆయన ఎదుటికి రాలేదనీ వారు వాదిస్తారు. మన తెలుగు బైబిలులో మొదటి కొరింథీ 6:9లో "ఆడంగితనముగలవారు" అనే మాట ఉంది. దానికి మూలమైన గ్రీకు మాటకు అసలు అర్థం "మెత్తనివారు". దాని భావం మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. మన ఊళ్ళో మాత్రం వాదన లేదు. బడిలో ఒక పిల్లవాణ్ణి ఏడిపించడానికి ఆ మాటే వాడతారు, ఆదివారం అదే మాట గుడిలో వింటాడు.

నా నిలుపు దాచుకోను. వివాహం స్త్రీ పురుషుల మధ్య దేవుడు నియమించినదని నేను నమ్ముతున్నాను, అలాగే బోధిస్తున్నాను. రెండో పక్షపు వాదన చదివాను, దానితో ఏకీభవించలేదు. ఏకీభవించినవారిలో నాకంటే ప్రార్థనాపరులు ఉన్నారని కూడా నాకు తెలుసు. ఆ సంగతి ఇక్కడితో ఆపుతాను, ఎందుకంటే మన గుడి మెట్ల దగ్గరికి వస్తున్న ప్రశ్న వేరే.

మన దేశంలో 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను ఇష్టపూర్వకంగా కలిసి ఉండే పెద్దలకు వర్తింపజేయకూడదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న తీర్పు ఇచ్చింది. 2023 అక్టోబర్ 17న, స్వలింగ వివాహాలకు చట్టబద్ధత తాము ఇవ్వలేమని, అది చట్టసభల పని అని అదే కోర్టు చెప్పింది. అంటే వీరు నేరస్థులు కారు, అలాగని వీరికి చట్టప్రకారం వివాహమూ లేదు. కాబట్టి ఇద్దరు మగవాళ్ళకు పెండ్లి చేయమని మన పల్లెల్లో ఏ కాపరినీ ఎవరూ అడగడం లేదు. మనల్ని అడుగుతున్నది, అలాంటి అబ్బాయికి ఏమీ తెలియని ఒక అమ్మాయినిచ్చి పెండ్లి చేయమని. ఈ అడగడంలో తప్పేమీ మనకు కనిపించడం లేదు. నా భయమంతా అదే.

అభ్యంతరం తెలిసినవాడు ఎవరు?

కాపరి దగ్గర చెప్పుకున్నది పుల్పిట్ మీదికి రాకూడదు, ఇలా రాతలోకీ రాకూడదు. కాబట్టి ఏ ఒక్కరి సంగతీ నేను రాయను. కానీ మన మధ్య ఇలాంటివి ఎలా జరుగుతాయో పరిచర్యలో ఉన్నవారందరికీ తెలుసు. తల్లిదండ్రులు చీకటి పడ్డాక వస్తారు. "అయ్యగారూ, మా వాడికి ఏదో ఆత్మ పట్టింది, మీరే విడిపించాలి" అంటారు. కొన్నాళ్ళు ప్రార్థన జరుగుతుంది. తర్వాత, "పెండ్లి చేసేస్తే అదే సర్దుకుంటుంది గదా అయ్యగారూ" అంటారు. సంబంధం దగ్గర ఊళ్ళో చూడరు. నాలుగు మండలాల అవతల, అడిగే దిక్కులేని ఇంట్లో చూస్తారు. కట్నం కూడా కాస్త తగ్గించుకుంటారు. అమ్మాయి తరఫువారు ఇది దేవుని కృప అనుకుంటారు.

తర్వాత మూడు ఆదివారాలు గుడిలో పెండ్లి ప్రకటన చదువుతాము. పెండ్లి రోజున సంఘాన్ని నిలబెట్టి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పమని అడుగుతాము. సహోదరులారా, ఆలోచించండి. ఆ గుడిలో అభ్యంతరం తెలిసినవారు తల్లిదండ్రులు, పెండ్లికొడుకు, అడుగుతున్న కాపరి. తెలిసినవాడు తెలియనివారిని అడుగుతున్నాడు. తెలియనివారు మౌనంగా ఉంటారు. ఆ మౌనాన్నే సమ్మతిగా తీసుకుని మనం ముందుకు సాగుతాము. అబద్ధ సాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ నిర్గమకాండము 20లో ఉంది. పెండ్లి రిజిస్టరులో కాపరి సంతకం కూడా సాక్ష్యమే.

1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద మనకు లైసెన్సు ఉంది. మోసంతోగానీ బలవంతంతోగానీ తీసుకున్న సమ్మతి కారణంగా వివాహాన్ని రద్దు చేసే అధికారం కోర్టుకు ఉందని 1869 నాటి విడాకుల చట్టం గుర్తిస్తుంది. లోకపు చట్టానికే సమ్మతి అంత విలువైనదైతే, దేవుని సన్నిధిలో ప్రమాణం చేయించే మనకు ఇంకెంత విలువైనది కావాలి?

లేయా కన్నీళ్ళు

ఆదికాండము 29వ అధ్యాయంలో ఒక వెయ్యి అబద్ధాల పెండ్లి ఉంది. లాబాను విందు చేశాడు, ఊరివారిని పిలిచాడు, చీకటిలో ఒక కూతురికి బదులు ఇంకొక కూతురిని పంపాడు. తెల్లవారితే గాని యాకోబుకు తెలియలేదు. మనం ఈ కథను ఎప్పుడూ యాకోబు వైపునుంచే చెబుతాము, మోసగాడు మోసపోయాడని. లేయా వైపునుంచి చదవండి. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తన మీద మనసు లేని మనిషి ఇంట్లో ఆమె జీవితమంతా గడిపింది.

ఆమె బిడ్డలకు పెట్టిన పేర్లు చూడండి. రూబేను పుట్టినప్పుడు, ఇక నా పెనిమిటి నన్ను ప్రేమిస్తాడని ఆశపడింది. షిమ్యోను పుట్టినప్పుడు, తనకు ప్రేమ దొరకలేదన్న సంగతి దేవుడు విన్నాడంది. లేవి పుట్టినప్పుడు, ఈసారైనా భర్త తనకు దగ్గరవుతాడనుకుంది. ముగ్గురు కొడుకులు, మూడు ఎదురుచూపులు. "వాళ్ళకు పిల్లలు పుట్టారు గదా, ఇంకేముంది, అంతా సర్దుకున్నట్టే" అని మనవాళ్ళు అంటారు. లేయాకూ పిల్లలు పుట్టారు. ఉయ్యాల ఊగినంత మాత్రాన ఆ ఇంట్లో ప్రేమ ఉన్నట్టు కాదని లేఖనమే చెబుతోంది.

ఆమె కన్నీళ్ళను చూసినవాడు దేవుడు ఒక్కడే. ఆమె కడుపున పుట్టిన యూదా వంశంలోనే మెస్సీయ వచ్చాడు. దేవుడు కీడును మేలుగా మార్చాడు గదా అని మనం లాబాను పని చేయడానికి వీల్లేదు. స్వలింగ ఆకర్షణ గల కుర్రవాణ్ణి పెండ్లితో బాగుచేయాలని చూసే ప్రతి ఇంటివారూ ఇంకొకరి ఇంట్లో ఒక లేయాను తయారు చేస్తున్నారు. ఆ అమ్మాయి తనలోనే ఏదో లోపం ఉందనుకుంటుంది. నల్లగా ఉన్నాననా, కట్నం తక్కువైందనా అని కుమిలిపోతుంది. చివరికి ప్రార్థన చేయించుకోవడానికి మన దగ్గరికే వస్తుంది. కారణం తెలిసిన కాపరి ఆమె తల మీద చెయ్యి పెట్టి ఏమని ప్రార్థిస్తాడు?

కుర్రవాడి సంగతీ ఆలోచించాలి. అతణ్ణి అబద్ధంలో బతకమని మనమే పంపుతున్నాము. ఇక స్వలింగ ఆకర్షణ గల అమ్మాయిని బలవంతంగా పెండ్లి పీటల మీద కూర్చోబెడితే, ఆమెకు జరిగేది ఇంకా ఘోరం. కాదనే స్వాతంత్య్రం ఆమెకు గుడిలోనూ లేదు, పడకగదిలోనూ లేదు. దానికి మనం పెట్టే పేరు కాపురం.

"దేవునికి అసాధ్యమా?"

ఈ మాట చెప్పగానే విశ్వాసులు అడిగే మొదటి ప్రశ్న, "దేవునికి అసాధ్యమైనది ఏమైనా ఉందా, అయ్యగారూ?" అని. దేవునికి అసాధ్యమైనది లేదు. అయితే దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్నప్పుడు, తండ్రి కాపాడగలడని యేసుకు తెలియదా? తెలిసీ దూకలేదు. దేవుణ్ణి శోధించకూడదని చెప్పాడు. మనం దూకించేది మనల్ని కూడా కాదు, పొరుగింటి పిల్లను. స్వస్థత వస్తుందో రాదో చూడడానికి ఒక ఆడపిల్ల జీవితాన్ని పందెం కాయడం విశ్వాసం అనిపించుకోదు.

ప్రార్థనతో, ఆలోచన చెప్పడంతో ఈ ఆకర్షణను మార్చాలని పనిచేసిన అతి పెద్ద క్రైస్తవ సంస్థ అమెరికాలోని ఎక్సోడస్ ఇంటర్నేషనల్. అది 1976లో మొదలైంది. తాను కలిసినవారిలో దాదాపు ఎవరి ఆకర్షణా మారలేదని దాని అధ్యక్షుడు అలన్ చేంబర్స్ 2012లో ఒప్పుకున్నారు. 2013 జూన్‌లో, గాయపడినవారికి క్షమాపణ చెప్పి సంస్థను మూసివేశారు. వారు వాక్యాన్ని వ్యతిరేకించినవారు కారు, ముప్పై ఏడేళ్ళు ప్రార్థించినవారు. మన దేశంలోనూ ఇలాంటి మార్పిడి చికిత్సలను నిషేధించాలని మద్రాసు హైకోర్టు 2021లో చెప్పింది. డాక్టర్లు అలాంటి చికిత్స చేస్తే వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రకటించింది. డాక్టరు చేయకూడనిదాన్ని మనం నూనె రాసి, జుట్టు పట్టుకుని, చెంపలు వాయించి చేయవచ్చా?

రెండో ప్రశ్న, కామతప్తులవడం కంటే పెండ్లి మేలని పౌలు చెప్పాడు గదా అని. చెప్పాడు. అయితే అదే మొదటి కొరింథీ 7లో, భార్యాభర్తలు ఒకరి పట్ల ఒకరు చేయవలసిన ధర్మం గురించి కూడా చెప్పాడు, పెండ్లి లేకుండా ఉండటం మంచిదని కూడా చెప్పాడు. భార్య మీద ఏ కోరికా లేనివాడికి ఆ వచనం చూపించి పెండ్లి చేయడం పౌలు మాటను తలకిందులు చేయడమే.

మత్తయి 19లో వివాహం గురించి బోధించిన వెంటనే యేసు నపుంసకుల గురించి మాట్లాడాడు. తల్లి గర్భం నుంచే అలా ఉన్నవారు ఉన్నారని, మనుషులు అలా చేసినవారు ఉన్నారని, రాజ్యం కోసం అలా ఉన్నవారు ఉన్నారని చెప్పాడు. ఆ మాట స్వలింగ ఆకర్షణ గురించి చెప్పిందని నేను అనను. కానీ ఒక్క సంగతి మాత్రం తేటగా ఉంది. పెండ్లి అందరికీ కాదని సాక్షాత్తు ప్రభువే ఒప్పుకున్నాడు. మన పల్లె సంఘాలు ఇంకా ఒప్పుకోలేదు. ముప్పై దాటిన అవివాహితుణ్ణి చూస్తే ప్రతి పలకరింపూ ఒక విచారణే. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లర్ గారు పెండ్లి చేసుకోలేదు. 1930లో కన్నుమూసేదాకా మన ఆడవాళ్ళకు వైద్యం చేశారు. ఆమెను దేవుని సేవకురాలని గౌరవించిన మనం, మన ఇంటి బిడ్డ పెండ్లి వద్దంటే దయ్యం పట్టిందంటున్నాము.

మనం చేయగలిగినవి

కాపరులకు నా మనవి. పెండ్లి ప్రకటన చదివే ముందు అబ్బాయిని, అమ్మాయిని విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడండి. అమ్మాయితో మాట్లాడేటప్పుడు అమ్మగారిని పక్కన ఉంచండి. తల్లిదండ్రుల ముందు "ఇష్టమే" అన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. ఇష్టం లేదని ఎవరైనా చెబితే, ఆ కారణం బయటపెట్టకుండానే పెండ్లి ఆపే భారం మీరు మోయండి. పెద్దల కోపం మన మీద పడితే పడనివ్వండి, కాపరి ఉన్నది అందుకే. మీరు కాదంటే ఇంకో పాస్టరు చేస్తాడని బెదిరిస్తారు. చేయవచ్చు. ఆ సంతకం మాత్రం మీది కాకూడదు.

తల్లిదండ్రులకు నా మనవి. చెల్లెలి పెండ్లి ఆగిపోతుందని, పరువు పోతుందని మీ భయం నాకు తెలుసు. ఆ భయం చిన్నది కాదు. కానీ మీ పరువు ఖరీదు పక్కింటి బిడ్డ చేత కట్టించకండి. మీ కొడుకును ఇంట్లోనే ఉంచుకోండి. అన్నం పెట్టండి. ఇంట్లోంచి గెంటివేసినవారు ఏమైపోయారో మీ ఊళ్ళోనే అడిగితే చెబుతారు.

సంఘానికి నా మనవి. ఆ బిడ్డ డప్పు వాయిస్తున్నాడా, వాయించనివ్వండి. సండే స్కూల్ పిల్లలకు పాటలు నేర్పుతోందా, నేర్పనివ్వండి. సంఘ క్రమశిక్షణ అందరికీ ఒకే కొలతతో ఉండాలి. తాగి భార్యను కొట్టేవాడికి ప్రభువు బల్ల ఇచ్చి, ఏ పాపమూ చేయని ఈ బిడ్డను మనసులోని ఆకర్షణ కోసమే వెనక బెంచీకి పంపితే, ఆ కొలత దేవునిది కాదు. అపొస్తలుల కార్యములు 8లో ఫిలిప్పు రథం ఎక్కి ఇథియోపీయుడి పక్కన కూర్చున్నాడు. ముందు అతని ప్రశ్న విన్నాడు. తర్వాతే బోధించాడు.

బాప్తిస్మం, బల్ల, అభిషేకం, వివాహం గురించి సంఘాలు ఇంకా చాలా ఏళ్ళు వాదించుకుంటాయి. నేనూ నా పక్షాన వాదిస్తూనే ఉంటాను. కానీ వాదన తేలేదాకా ఏ ఇంటి లేయా ఆగలేదు. వచ్చే వేసవిలోనే ఆమె పెండ్లి. వివాహం పవిత్రమని నమ్మే నాలాంటివారే ఆ పెండ్లిని ముందుగా ఆపాలి. పవిత్రమైనదాన్ని మందు గోళీలాగా, ముసుగు గుడ్డలాగా వాడనివ్వడం వివాహాన్ని కాపాడటం కాదు.

ప్రార్థన: లేయా దుఃఖాన్ని చూసిన దేవా, మా సంఘాల్లో ఎవరికీ చెప్పుకోలేక నలుగుతున్న బిడ్డలను చూడు. వారిని కన్న తల్లిదండ్రుల భయాన్ని తీసివేయి. మా నోట అబద్ధ సాక్ష్యం రాకుండా మా పెదవులకు కావలి పెట్టు. వద్దు అని చెప్పవలసిన చోట చెప్పే ధైర్యం నీ సేవకులకు దయచేయి. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.